బీరు సీసాలు బోర్లించే స్టాండ్: కొన్నది ఒకటి, చేసుకున్నవి రెండు

ఇది అమెరికాలో, డాలస్ పక్కన ఒక ఊళ్ళో, గ్యారేజ్‌లో బీరు కాచుకునేవాడి గోడు. ఇండియాలో ఉన్నవాళ్ళు సరదాకి చదువుకోండి గానీ పనిలోకి మాత్రం దిగకండి, ఆంధ్రలోనూ తెలంగాణలోనూ 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా ఇంట్లో తయారుచేస్తే కేసే. ఇక్కడ కూడా ఇది మొదటినుంచీ ఉన్న హక్కేమీ కాదు. 1978 అక్టోబర్‌లో జిమ్మీ కార్టర్ సంతకం పెడితే, 1979 ఫిబ్రవరి నుంచి దేశం మొత్తానికి వర్తించే చట్టంలో వీలు దొరికింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ ఉంటే 200, అమ్మడం మాత్రం కుదరదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలైతే 2013 దాకా ఒప్పుకోలేదు. నేను ఏడాదికి నలభై గ్యాలన్లు కూడా దాటను, కాబట్టి ఆ విషయంలో టెన్షన్ లేదు. టెన్షన్ అంతా సీసాలతోనే.

ఒకసారి కాస్తే ఐదు గ్యాలన్లు. లెక్క ప్రకారం 12 ఔన్సుల సీసాలు 53 రావాలి, అడుగున మడ్డి వదిలేస్తాం కాబట్టి 48 నుంచి 50 మధ్య తేలతాయి. అంటే ఒకేరోజు యాభై సీసాలు కడిగి, బోర్లించి, నీళ్ళు ఓడ్చాలి. గిన్నెలు బోర్లించే స్టాండులో పెడితే పన్నెండు పడతాయి, మిగతావి టవల్ మీద. టవల్ మీద పెట్టిన సీసా మూతికి దూది నూగు అంటుకుంటుంది, పైగా మా పిల్ల అటువైపు పరిగెడితే ఒకటి పడి పక్కది పడి, పేకమేడే. డిష్‌వాషర్‌లో పెట్టమని చాలామంది చెప్తారు, పెట్టి చూశాను కూడా. సన్నటి మెడలోంచి లోపలికి నీళ్ళు సరిగ్గా ఎక్కవు, పైగా గ్లాసులు మెరవడానికి వేసే రిన్స్ ఎయిడ్ సీసాలో మిగిలితే బీరు నురుగు నిలబడదు. ఆ నురుగు కోసమే కదా ఇంత తంటా.

అందుకని మొదట కొన్నది ప్లాస్టిక్ చెట్టు. బాటిల్ ట్రీ అంటారు. నడుమ ఒక స్తంభం, దాని చుట్టూ పైకి వాలిన మేకుల్లాంటి కొమ్మలు, 90 సీసాలు పడతాయి, ఎర్రగా ఉంటుంది. ఎవరి దగ్గర కొన్నానో చెప్పను, ఈ రకం అందరివీ దాదాపు ఒకేలా ఉంటాయి. ఆన్‌లైన్‌లో ముప్ఫై ఐదు డాలర్లు పడింది. ఖాళీగా చూస్తే బాగుంటుంది, సీసాలు తగిలించాక ఇంకా బాగుంటుంది, గోధుమరంగు గాజు మీద ట్యూబ్‌లైట్ పడి దీపాల గుత్తిలా కనిపిస్తుంది. నీళ్ళు కూడా బాగా ఓడుతాయి, ఆ మాట చెప్పాలి. కొమ్మ వాలుగా ఉంటుంది కాబట్టి సీసా మూతి పూర్తిగా మూసుకుపోదు, లోపలికి గాలి ఆడుతుంది. ప్లాస్టిక్ కాబట్టి స్టార్‌శాన్, అంటే బీరు సామాను మీద క్రిముల్ని చంపే ద్రావణం, చల్లి శుభ్రం చేసుకోవచ్చు. ఇక్కడిదాకా ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు.

గొడవంతా బరువుతో. ఖాళీ సీసా ఒక్కోటి 200 గ్రాముల దాకా ఉంటుంది, యాభై అంటే పది కిలోలు, అది కింద చిన్న పీట ఉన్న సన్నటి ప్లాస్టిక్ కాడ మీద. తగిలించేటప్పుడు కింది వరస నుంచి పైకి, చుట్టూ సమానంగా వెళ్ళాలి, తీసేటప్పుడు పైనుంచి కిందికి. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, మూడోసారి బాట్లింగ్ చేసే, అంటే బీరు సీసాల్లోకి నింపే రోజున, నేను కూర్చున్న వైపు నుంచే ఒకటి తర్వాత ఒకటి తీసుకుంటూ పోయాను, అవతలి వైపు ఇరవై సీసాలు అలాగే ఉన్నాయి. చెట్టు మెల్లిగా, చాలా మర్యాదగా, తల వంచింది. పదకొండు సీసాలు గ్యారేజ్ నేల మీద పగిలాయి. గాజు ఏరడానికి గంటన్నర పట్టింది, మర్నాడు కారు టైర్ కింద కూడా ఒక ముక్క కనబడింది. తప్పు నాదే, కానీ మనిషన్నాక పొరపాటు చేస్తాడని ఆ వస్తువు తయారుచేసినవాళ్ళు ఒక్క క్షణం అనుకుని ఉంటే పీట నాలుగంగుళాలు పెద్దది పెట్టేవాళ్ళు. ఐదుకి రెండున్నర.

అప్పుడు తట్టింది, మనమే చేసుకుంటే పోలా అని. నేను వడ్రంగిని కాను. ఇంట్లో ఒక బ్యాటరీ డ్రిల్, ఒక చేతిరంపం, ఐకియా సామాను బిగించిన అనుభవం, అంతే.

మొదటిది పలక మీద మేకుల పద్ధతి. మూడడుగుల పలక తీసుకుని, ముప్పావు అంగుళం మందంది, దానికి బెజ్జాలు పెట్టి, 3/8 అంగుళాల డవెల్ రాడ్లు, అంటే మన గిల్లీదండా గిల్లీ కన్నా సన్నగా ఉండే గుండ్రటి కర్రలు, ఆరంగుళాల ముక్కలు కోసి, జిగురుతో నిలబెట్టాను. నలభై ఎనిమిది ముక్కలు. ఆ కోత ఒక్కటే శనివారం మొత్తం మింగేసింది. సీసాని తలకిందులుగా కర్రకి గుచ్చితే మెడ పలక మీద నిలబడుతుంది, కదలదు, పడదు. ఫోటోలు తీసి స్నేహితులకి పంపాను, అందరూ బొటనవేళ్ళు పెట్టారు. రెండు రోజుల తర్వాత సీసా ఎత్తి చూస్తే లోపలంతా ఆవిరి, కర్ర తడి, సీసా మూతి ఉన్నచోట పలక మీద గుండ్రటి నీటి మచ్చ. మూడు వారాలకి ఆ మచ్చలు నల్లబడ్డాయి. బూజు. బీరు చెయ్యాలంటే బూజు పొడ కూడా తగలకూడదని గంటలకి గంటలు కడిగే మనిషి, ఆ కడిగిన సీసాల్ని తీసుకెళ్ళి బూజు మీద బోర్లిస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు ఆరునెలలకి వచ్చి ఉన్నారు. ఆవిడకి బీరు సంగతి చెప్పలేదు. మా ఆవిడ ముందే హెచ్చరించింది, "అమ్మ అడిగితే జింజర్ డ్రింక్ అని చెప్పు" అని. ఒకరోజు బట్టలు ఆరేసే తాడు కోసం ఆవిడ గ్యారేజ్‌లోకి వచ్చి, నా పలకనీ నలభై ఎనిమిది సీసాల్నీ కాసేపు చూసి, ఇవెందుకు అని అడగలేదు. "బాబూ, మూతి ఇలా చెక్కకి ఆనించి బోర్లిస్తే ఆరదు. మేము జాడీ కడిగితే నేల మీద బోర్లించం, రెండు పుల్లలు అడ్డంగా పెట్టి వాటి మీద బోర్లిస్తాం. కింద గాలి ఆడాలి కదా" అన్నారు. ఆవకాయ జాడీలో ఒక్క చుక్క తడి ఉంటే ఏడాది పచ్చడి పోతుంది, ఆ భయంతో బతికిన మనిషికి నా పలక ఒక్క చూపులో అర్థమైపోయింది. నేను "నిజమే అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ వెళ్ళిపోతూ, "జింజర్ డ్రింకుకి ఇన్ని సీసాలా" అని మాత్రం అన్నారు.

ఇక్కడ చిన్న పిడకల వేట. సీసాలు ఆరబెట్టే స్టాండుకి ప్రపంచ చరిత్రలో ఒక గొప్ప స్థానం ఉంది, నవ్వకండి. 1914లో మార్సెల్ డ్యుషాంప్ అనే కళాకారుడు పారిస్‌లో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్‌కి వెళ్ళి, సీసాలు ఆరబెట్టే ఇనప స్టాండు ఒకటి కొని, ఇదే శిల్పం అన్నాడు. ఆయన అమెరికా వెళ్ళాక వాళ్ళ చెల్లెలు స్టూడియో సర్దుతూ దాన్ని చెత్తలో పారేసింది. తర్వాత చేయించిన నకళ్ళు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. మా ఆవిడ కూడా నా మొదటి పలకని అలాగే పారెయ్యబోయింది, ఆ కథ చెప్పి ఆపాను. అది ఇంకా ఉంది, ఎందుకో కింద చెప్తాను.

రెండోసారి పద్ధతే మార్చేశాను. కర్ర సీసా లోపలికి వెళ్ళడమే తప్పు అనిపించింది. చెక్కని ఎంత తుడిచినా శానిటైజ్ చెయ్యలేం, దాని రంధ్రాల్లో ఏం దాక్కుంటుందో ఎవరికీ తెలీదు, అలాంటిది తీసుకెళ్ళి బీరు పోసే చోట పెట్టడం ఏమిటి? కాబట్టి మేకులు తీసేసి బెజ్జాలు. పలకకి సీసా మెడ దూరేంత బెజ్జం పెడితే, తలకిందులుగా పెట్టిన సీసా మెడ బెజ్జంలోంచి కిందికి దిగి, భుజం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది. మూతి గాలిలో వేలాడుతుంది. చెక్క తగిలేది బయటి గాజుకే. నిజానికి ఇది నా ఐడియా ఏమీ కాదు, కొనడానికి దొరికే ట్రేలు ఉన్నాయి, ఫాస్ట్‌ర్యాక్ అని, అంటే మన టైటాన్ వాళ్ళ వాచీ కాదు, 24 బీరు సీసాలు పట్టే ప్లాస్టిక్ ట్రే, ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు. మా స్నేహితుడి దగ్గర రెండున్నాయి, చక్కగా పనిచేస్తాయి. డబ్బులిచ్చి తేల్చుకుందాం అనుకునేవాళ్ళు అవి కొనుక్కుని ఇక్కడితో చదవడం ఆపెయ్యొచ్చు, నేనేమీ అనుకోను.

చేసుకునేవాళ్ళకి కొలతలు. ఇవి నేను రెండు పలకలు పాడుచేసి తేల్చినవి, ఊరికే ఇస్తున్నాను. మామూలు 12 ఔన్సుల పొడుగు మెడ సీసా అడుగు వెడల్పు దాదాపు 2.4 అంగుళాలు, ఎత్తు 9. మూత పట్టే అంచు 26 మిల్లీమీటర్ల పైచిలుకు. బెజ్జం అంగుళంపావు, అంటే దాదాపు 32 మిల్లీమీటర్లు. అంగుళం పెడితే మూతి దూరదు, అంగుళంన్నర పెడితే సీసా మరీ కిందికి దిగి వంకరగా కూర్చుంటుంది. బెజ్జం నడుమ నుంచి పక్క బెజ్జం నడుమకి 2.75 అంగుళాలు. షాపులో వన్ బై ట్వెల్వ్ అని అడిగితే ఇచ్చే పలక నిజంగా పన్నెండంగుళాలు ఉండదు, ఇది తెలీక బెజ్జాలు పెట్టబోయిన మొదటి పలక పోయింది, అసలు వెడల్పు పదకొండుంపావు, మందం ముప్పావు. అయినా మన అదృష్టం, అంచు నుంచి అంగుళంన్నర వదిలి మొదలుపెడితే నాలుగు వరసలు దానిలో కొలిచినట్టు సరిపోతాయి. పొడుగు మూడడుగులు తీసుకుంటే పన్నెండు బెజ్జాలు వస్తాయి, అటూ ఇటూ దాదాపు మూడేసి అంగుళాలు కాళ్ళు బిగించడానికి మిగులుతాయి. నాలుగు పన్నెండ్లు నలభై ఎనిమిది. ఒక బ్యాచ్.

ఆరడుగుల పలక కొంటే సగం పైకి, మిగతా సగంలోంచి రెండు పక్క కాళ్ళు వచ్చేస్తాయి, పదేసి అంగుళాల ఎత్తు. మెడ మూడంగుళాల దాకా కిందికి దిగుతుంది, దాని కింద నీళ్ళు పడే ట్రే, మధ్యలో గాలి ఆడేంత ఖాళీ. ట్రే అంటే ప్రత్యేకంగా ఏమీ కాదు, చలికాలం గుమ్మం దగ్గర తడి బూట్లు పెట్టుకునే ప్లాస్టిక్ ట్రే. పలకకి ముందూ వెనకా పొడుగునా ఒక్కో సన్న చెక్క పట్టీ స్క్రూలతో బిగించండి, లేకపోతే పది కిలోల సీసాలకి బెజ్జాలు పడ్డ పలక నడుములో కుంగుతుంది. నాది వారంలోనే కుంగడం మొదలుపెట్టింది, పట్టీలు తర్వాత వేశాను.

బెజ్జాలు పెట్టడం దగ్గరే మనిషి ఓర్పు తెలిసేది. స్పేడ్ బిట్ అని చదునుగా, మొనదేలి ఉండే బిట్ చవకలో వస్తుంది, పని చేస్తుంది, కానీ ఒకే వైపు నుంచి చివరిదాకా దింపితే అవతలి వైపు చెక్క పెళ్ళలుగా లేచిపోతుంది. నా రెండో పలక పోయింది అలాగే. పైనుంచి దింపుతూ, మొన అవతల కొద్దిగా పొడుచుకు రాగానే ఆపి, పలక తిప్పి, ఆ చుక్క మీద నుంచి మిగతాది పూర్తిచెయ్యాలి. నలభై ఎనిమిది సార్లు. డ్రిల్ బ్యాటరీ పదిహేనో బెజ్జానికి చచ్చింది, ఛార్జింగ్ పెట్టి టీ తాగి వచ్చి మళ్ళీ, ఇరవై తొమ్మిదికి మళ్ళీ. వైరున్న డ్రిల్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. బెజ్జాల అంచులు శాండ్ పేపర్‌ని వేలికి చుట్టుకుని రుద్దాలి, ఇది విసుగు పని, మా పిల్లకి ఒక్కో బెజ్జానికి ఐదు సెంట్లు ఇస్తానన్నాను, ఆరు బెజ్జాలు రుద్ది బేరం పెంచింది. తర్వాత మూడు పూతలు పాలియురెథేన్ వార్నిష్, ముఖ్యంగా బెజ్జాల లోపలి అంచులకి, తడి పీల్చేది అక్కడే. వాసన పూర్తిగా పోయేదాకా, నేను వారం ఆగాను, సీసాలు పెట్టకండి. పచ్చగా కనిపించే ప్రెషర్ ట్రీటెడ్ కలప చవగ్గా ఉందని తీసుకోకండి, అది కంచెలకీ డెక్‌లకీ రసాయనం పట్టించింది, తినే తాగే వస్తువుల పక్కకి వద్దు.

ఖర్చు లెక్క నిజాయితీగా చెప్పాలంటే, పలక, పట్టీలు, బిట్, స్క్రూలు, చిన్న డబ్బా వార్నిష్ అన్నీ కలిపి నలభై ఎనిమిది డాలర్లు, పాడైన పలకలు లెక్కలోకి తీసుకోకుండా. తీసుకుంటే ప్లాస్టిక్ చెట్టుకి రెట్టింపు దాటింది. రెండు వారాంతాలు పోయాయి. డబ్బు మిగులుతుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

మరి వాడకంలో? ఎనిమిది నెలలైంది, ఆరు బ్యాచ్‌లు. ఒక్క సీసా పడలేదు, పడడానికి దారి లేదు, ఏ వైపు నుంచి ఎన్ని తీసినా కదలదు. మా గ్యారేజ్‌లో ఎండాకాలం పొద్దున బోర్లిస్తే సాయంత్రానికి లోపల పొడి. చలికాలం వానపట్టినప్పుడు రెండు రోజులు. తలకిందులుగా ఉంటాయి కాబట్టి దుమ్ము పడదు, ఇక్కడి సాలీళ్ళు లోపల కాపురం పెట్టవు, అంతకుముందు నిలబెట్టి దాచిన సీసాల్లో రెండింట్లో దొరికాయి, ఎవరికీ చెప్పలేదు.

అసలు ఈ స్టాండు ఎప్పుడు పనికొస్తుందన్న విషయంలోనే నేను మొదట పొరపడ్డాను. బాట్లింగ్ రోజు కోసం అనుకున్నాను. కానీ ఆ రోజు సీసా ఆరి ఉండాల్సిన పనే లేదు. స్టార్‌శాన్ ఐదు గ్యాలన్ల నీళ్ళకి ఒక ఔన్సు, అంటే 30 మిల్లీలీటర్లు కలిపి, ఒకటి రెండు నిమిషాలు లోపల అంతా తడిసేలా ఉంచి, ఓడ్చేసి, నురుగు మిగిలినా సరే దాని మీదే బీరు పోసెయ్యొచ్చు, మళ్ళీ కడగక్కర్లేదు. ఆ రోజు స్టాండు చేసే పని పది నిమిషాలు ఓడ్చి పెట్టడం. నిజంగా కావలసింది తాగిన రోజున. ఇంటి బీరు సీసాలోనే పులిసి గ్యాస్ ఎక్కుతుంది కాబట్టి అడుగున ఈస్టు మడ్డి పేరుకుంటుంది, తాగిన వెంటనే మూడుసార్లు గిలకరించి కడిగేస్తే పోతుంది, మర్నాటికి వదిలేస్తే సిమెంటే, అప్పుడు పీబీడబ్ల్యూ అనే కడిగే పొడి కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. వెంటనే కడగాలంటే కడిగినది పెట్టడానికి చోటు చేతికందేలా ఉండాలి. సింకు పక్కన యాభై సీసాల చెట్టు పెట్టనివ్వరు. అందుకే పలక మిగిలిన ముక్కలో ఆరు బెజ్జాలు పెట్టి, చిన్నది ఒకటి వంటింటి కిటికీ కింద పెట్టాను. రోజూ రెండు మూడు సీసాలు అక్కడ ఓడి, ఆదివారం గ్యారేజ్ స్టాండుకి వెళ్తాయి. నలభై ఎనిమిదీ నిండాయంటే మళ్ళీ కాచే టైమ్ వచ్చిందని అర్థం, క్యాలెండర్ చూడక్కర్లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. 22 ఔన్సుల పెద్ద సీసాలు పక్కపక్కన పట్టవు, ఒక బెజ్జం వదిలి ఒకటి పెట్టాలి. పొట్టిగా లావుగా ఉండే సీసాలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. మడత పెట్టలేం, అల్మరాలో దాచలేం, మూడడుగుల బల్ల ఎప్పుడూ అలాగే ఉంటుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇది దండగ, ప్లాస్టిక్ ట్రేలే నయం. స్నేహితులు పార్టీ తర్వాత ప్రేమగా తెచ్చి ఇచ్చే సీసాలు సగం చేత్తో తిప్పి తీసే మూతలవి, వాటి మీద మన క్యాపర్‌తో, అంటే మూత నొక్కి బిగించే పనిముట్టుతో, మూత గట్టిగా కూర్చోదు, అవి స్టాండు మీద చోటు తింటాయి తప్ప పనికిరావు, మొహమాటపడకుండా రీసైక్లింగ్‌లో వెయ్యండి. ఐదుకి నాలుగుంపావు ఇస్తాను. సొంత పిల్లకి మార్కులు వేసినట్టే, తెలుసు.

ఇంకొకటి. తీగతో బిగించే పింగాణీ మూతల సీసాలు ఉంటాయి చూడండి, ఆ తీగ అంగుళంపావు బెజ్జంలో దూరదు. నా దగ్గర అవి పది ఉన్నాయి. వాటికోసమే ఆ పాత డవెల్ పలక దాచింది. నల్లబడ్డ చోట గీకి, వార్నిష్ వేసి, ఒక్కో కర్ర మొదట్లో అడ్డంగా రెండు పుల్లలు అంటించాను, మూతి వాటి మీద ఆగుతుంది, కింద గాలి ఆడుతుంది. కర్ర లోపలికి వెళ్తుంది కాబట్టి ఆ పది సీసాలకి వాడేముందు స్టార్‌శాన్ రెండుసార్లు. అత్తగారు ఆమధ్య ఇండియా తిరిగి వెళ్ళారు. వెళ్ళేముందు వాటిలో నాలుగు అడిగి తీసుకున్నారు, మూత గట్టిగా పడుతోంది, నూనె పోసుకోవడానికి బాగుంటాయని.